నంగలి వాళ్ళకు ఉపన్యాసం ఎందుకు?

క్రిందటి మాఘమాసంలో ఒకనాటి సాయంకాలం మా మనవడు ఫోను పట్టుకొని వచ్చి, "తాతా, మన ఊరి పేరు పడింది చూడు" అన్నాడు. అది ఒక విశ్వవిద్యాలయం వారి ఆహ్వానపత్రం. సరిహద్దు ప్రాంతాల రాజకీయం, రక్షణ, సంస్కృతి అనే విషయం మీద బహిరంగోపన్యాసం, దాని వెనుక ఒక గంటసేపు చలనచిత్ర ప్రదర్శన. హొయసలుల నాటి ఎల్లలు చెప్పుతూ విషయసూచికలో నంగలి పేరు వేశారు. అడుగున "అందరూ ఆహ్వానితులే, ప్రవేశం ఉచితం" అని ఉన్నది.

నంగలి ఎక్కడున్నదో ఎరుగని పాఠకులు ఉంటారు. చిత్తూరు నుంచి బెంగుళూరు పోయే పాత రహదారి మీద, పలమనేరు దాటి కర్ణాటకలో అడుగు పెట్టగానే తగిలే ఊరు మాది. కోలారు జిల్లా, ముళబాగిలు తాలూకా. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం, అంగడిలో రెండూ. ఇట్లా తరతరాలుగా ఉన్నవాళ్ళము. మమ్మల్ని ఎవరైనా "మీరు ఎక్కడినుంచి వచ్చారు?" అని అడిగితే మేము తెల్లబోతాము. మేము ఎక్కడి నుంచీ రాలేదు, ఇక్కడే ఉన్నాము. రాజులే వచ్చారు, పోయారు.

సరే, పిలిచారు కదా అని బయలుదేరాము. మేము, మా ఇంటావిడ, మనవడు, పక్కింటి అవ్వ. అవ్వకు ఎనభై దాటాయి. "నాకేమి అర్థమైతాదిలేప్పా" అంటూనే, ఊరి పేరు వేశారని విన్న తరువాత ఇంట్లో నిలువలేక, ఉతికిన చీర కట్టుకొని మాకంటే ముందు బస్సు దగ్గరికి వచ్చి కూర్చున్నది. రెండు బస్సులు మారి వేళకు చేరుకొన్నాము.

మందిరం చక్కగా ఉన్నది. ఉపన్యాసకులు విద్వాంసులు, అందులో సందేహం లేదు. కాని వారు మాట్లాడినది ఇంగ్లీషు. అది కూడా వ్రాసుకొని వచ్చిన కాగితాలు వేగంగా చదివారు. తెర మీద పటాలు ఒకటి చూసేలోపల మరొకటి వచ్చి పోయినవి. చలనచిత్రంలో మాటలు ఇంగ్లీషువే. అది ముగిసిన తరువాత అధ్యక్షులు వేళ మించిపోయిందని చెప్పి ప్రశ్నల భాగం వదలివేశారు. వందన సమర్పణ మాత్రం పావుగంట జరిగింది. కడపటి బస్సు తప్పిపోతుందని మేము వందన సమర్పణలోనే లేచి వచ్చేశాము.

బస్సులో చాలాసేపు ఎవ్వరమూ మాట్లాడలేదు. ముళబాగిలు దాటిన తరువాత అవ్వ మెల్లగా అడిగింది: "నంగలి అనే మాట రెండుసార్లు వినబడ్డదప్పా. మన ఊరిని గూర్చి మంచి చెప్పినాడా, చెడ్డ చెప్పినాడా?"

మేము ఏదో సర్ది చెప్పాము. కాని ఆ ప్రశ్న మమ్మల్ని ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. ఎనభై ఏళ్ళు ఒక ఊళ్ళో బ్రతికిన మనిషి, ఆ ఊరిని గూర్చి పెద్దలు సభ పెట్టి మాట్లాడగా, అది పొగడ్తో తెగడ్తో తెలియక తిరిగి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ చెప్పబోము. వారు పిలిచారు, కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు. తప్పు వారొక్కరిదే కాదని ఈ వ్యాసం చివరికి వచ్చేసరికి పాఠకులకే తెలుస్తుంది.

మన ఊరిని గూర్చి ఏమి చెప్పవచ్చు?

అవ్వకు ఆనాడు చెప్పలేనిది ఇక్కడ చెప్పుతాము.

పన్నెండవ శతాబ్దంలో హొయసల విష్ణువర్ధనుడు 1116 ప్రాంతంలో చోళుల నుంచి తలకాడును గెలిచిన తరువాత అతని రాజ్యం తూర్పుగా పెరిగింది. ఆ వంశపు శాసనాల్లోని బిరుదావళిలో తలకాడు, కొంగు అనే పేర్లతోపాటు నంగలి పేరు కూడా వస్తుంది. రాజ్యానికి తూర్పు ఎల్ల నంగలి దిగువ కనుమ అని శాసనం చెప్పుతుంది. పడమట సముద్రపు దాపున ఉన్న ఒక కనుమ, తూర్పున మా కనుమ. ఇంత చిన్న ఊరి పేరు ఒక మహారాజు బిరుదులోకి ఎందుకు ఎక్కిందంటే, మైదానం నుంచి పీఠభూమికి ఎక్కే దారి ఇక్కడ ఉన్నది గనుక. ఆ దారి ఎవరి చేతిలో ఉంటే లోపలి సీమ వారి చేతిలో ఉన్నట్లే. ముళబాగిలు పేరు కూడా అట్లా వచ్చినదే. 'మూడల బాగిలు' అంటే కన్నడంలో తూర్పు వాకిలి.

వాకిలి దగ్గర కాపురమున్నవాళ్ళకు వచ్చేవాళ్ళ, పోయేవాళ్ళ కాలిధూళి తప్పదు. ఈ కోలారు జిల్లాలోనే బూదికోటలో హైదరాలీ పుట్టాడు. 1768 అక్టోబరు 4వ తేదీన ముళబాగిలు దగ్గర అతనికీ, కుంఫిణీ సైన్యాధికారి కర్నల్ వుడ్డుకూ పెద్ద పోరాటం జరిగింది. వుడ్డు ఓడిపోయే సమయంలో, బ్రూక్ అనే మరొక అధికారి కొద్దిమంది సిపాయిలతో రెండు ఫిరంగులను గుట్ట మీదికి ఎక్కించి పేల్చి, "స్మిత్తు వచ్చాడు, స్మిత్తు వచ్చాడు" అని అందరిచేత జయజయధ్వానాలు చేయించాడట. జనరల్ స్మిత్తు పెద్ద సైన్యంతో వచ్చాడనుకొని హైదరు దళాలు తటపటాయించాయి. ఆ సందులో వుడ్డు సైన్యం ఊపిరి పీల్చుకొన్నది. ఒక్క కేక యుద్ధాన్ని మార్చింది.

ఆ తరువాత 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలీసు ఆంబూరు వైపు పోతున్నట్లు నటించి, చిత్తూరు మీదుగా తిరిగి, మొగిలి కనుమ ఎక్కి పలమనేరు చేరాడు. అక్కడినుంచి ముళబాగిలు, కోలారు, హొసకోట ఒకదాని వెంట ఒకటి తీసికొని మార్చి 21వ తేదీన బెంగుళూరు కోట పట్టుకొన్నాడు. నేడు మనం బస్సెక్కి పోయే వైపు దారే అది. రక్షణ, రాజకీయం అంటే ఎక్కడో ఢిల్లీలో జరిగే సంగతులని మనం అనుకొంటాము గాని, మన వాకిట్లో జరిగినవే ఇన్ని ఉన్నాయి.

ఇక సంస్కృతి. 1956 నవంబరు 1వ తేదీన భాషలనుబట్టి రాష్ట్రాలను తిరిగి కూర్చినప్పుడు, ఇంత తెలుగు ఉన్నా కోలారు జిల్లా మైసూరు రాష్ట్రంలోనే నిలిచింది. 1973 నవంబరు 1 నుంచి ఆ రాష్ట్రానికే కర్ణాటక అని పేరు. దానికి మేము చింతించము. కన్నడం మాకు అన్నం పెట్టిన భాష, మా పిల్లలు చదివిన భాష. ఒకటి మాత్రం నిజం. ఎల్లకు అటువైపు వారికి మేము కన్నడిగులము, ఇటువైపు వారికి తెలుగువాళ్ళము. మమ్మల్ని గూర్చి మాట్లాడేవారు చాలామంది, మాతో మాట్లాడేవారు తక్కువ.

విశ్వవిద్యాలయం గడప దాటిన కథ

విశ్వవిద్యాలయం వారు బయటి జనానికి ఉపన్యాసాలు చెప్పడం కొత్త సంగతి కాదు. ఇంగ్లండులో జేమ్స్ స్టూఅర్ట్ అనే ఆచార్యుడు 1867లో ఉత్తర ప్రాంతపు పట్టణాల్లో స్త్రీలకు పాఠాలు చెప్పడంతో దీనిని ప్రారంభించాడు. 1873లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆ పద్ధతిని తనదిగా చేసికొన్నది. స్టూఅర్ట్ రాచ్‌డేల్ అనే మిల్లుల ఊళ్ళో పనివాళ్ళకు చెప్పుతూ ఉండగా, ఒకసారి తన పటాలను గోడ మీదనే వదిలి వెళ్ళాడట. తిరిగి వచ్చేసరికి పనివాళ్ళు వాటిముందు చేరి చర్చించుకొంటున్నారని తెలిసింది. ఉపన్యాసానికి ముందు వచ్చి తమ సందేహాలు తీర్చమని వారే అడిగారు. ఉపన్యాసంతోపాటు ప్రశ్నల గోష్ఠి అనే ఏర్పాటు అప్పుడు పుట్టింది. అనగా ప్రశ్నల వేళ అనేది వేళ మిగిలితే పెట్టుకొనే అలంకారం కాదు. ఆ పని మొదలుపెట్టినవారు దానినే ప్రాణంగా తీసికొన్నారు.

1880ల దశకంలో అక్కడి నార్తంబర్లాండు బొగ్గుగనుల కూలీలు కూడా మైళ్ళకొద్దీ నడిచివచ్చి ఆ ఉపన్యాసాలు విన్నారు. 1887లో పెద్ద సమ్మె వచ్చి చేతిలో కాసు ఆడక ఆ తరగతులు కూలిపోయాయి. కోలారు బంగారుగనుల ప్రక్కన పెరిగిన మాకు ఈ కథ పరాయిదిగా తోచదు.

మన వైపు చూస్తే, మైసూరు విశ్వవిద్యాలయం 1916లో పుట్టింది. అప్పటి దివాను విశ్వేశ్వరయ్యగారు మన జిల్లావాసులే. ఆయన పుట్టిన ముద్దేనహళ్ళి 2007లో చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయ్యేదాకా కోలారు జిల్లాలో ఉండేది. వారి పూర్వులది మోక్షగుండం. ఆ విశ్వవిద్యాలయం 1930ల దశకంలో ఆచార్యులను చిన్న ఊళ్ళకు పంపి కన్నడంలో ప్రచారోపన్యాసాలు చెప్పించి, వాటిని చౌక పుస్తకాలుగా అచ్చువేసింది. సైన్సు, చరిత్ర, ఆరోగ్యం వంటి విషయాలను ఇంటి భాషలో చెప్పవచ్చునని అది చూపించింది.

తెలుగులోనూ ఇటువంటి పని జరిగింది, అందులో మైసూరుకూ భాగమున్నది. చిత్తూరు దగ్గర కట్టమంచిలో పుట్టిన రామలింగారెడ్డిగారు మైసూరులో ఆచార్యులుగా, విద్యాశాఖ పెద్దగా పనిచేసి, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షులయ్యారు. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పుతున్న రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి చేత 1928లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పక్షాన అనంతపురంలో వేమనను గూర్చి ఉపన్యాసాలు చెప్పించారు. మరుసటి సంవత్సరం అవి పుస్తకంగా వచ్చాయి.

ఆ పని ఎంత సాహసమో నేటివారికి తెలియకపోవచ్చు. వేమన పద్యాలు ప్రతి రైతు నోటా ఉండేవి. 1829లోనే బ్రౌను దొర వాటిని ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. అయినా పండితులు వేమనను కవుల పంక్తిలో కూర్చోపెట్టడానికి ఒప్పుకొనేవారు కారు. అటువంటి కవిని విశ్వవిద్యాలయం తీసికొని, సంస్కృతాంధ్రాలలోనూ సంగీతంలోనూ ఆరితేరిన పండితుని చేత, వేమన పుట్టి తిరిగిన సీమలోనే, అక్కడి వారి భాషలో సభ పెట్టించింది. విన్నవారికి తమ నోటిలోని పద్యం విలువ తెలిసి వచ్చింది. పండితులకు తమ చుట్టూ ఉన్న జనం విలువ తెలిసి వచ్చింది. బహిరంగోపన్యాసం చేయవలసిన పని అదే.

ముళబాగిలు పిల్లవాడు

ఇంత దూరం ఎందుకు? ముళబాగిలులోనే 1887లో పుట్టిన డి. వి. గుండప్పగారిని చూడండి. కన్నడ పాఠకులకు ఆయన 'డి.వి.జి.', 'మంకుతిమ్మన కగ్గ' వ్రాసిన కవి. ఆయన మెట్రిక్యులేషను గట్టెక్కలేదు. తరువాత పత్రికా రచయిత అయి, సంస్థానపు శాసనసభలో కూర్చొని, 1945లో బెంగుళూరులో గోఖలే పేరిట ప్రజావ్యవహారాల సంస్థను స్థాపించారు. పౌరుడు ఓటు వేయడం ఒక్కటే చాలదు, వేయడానికి ముందు విషయం తెలియాలి అని ఆయన పట్టుదల. రాజ్యాంగం, పన్నులు, ఎన్నికలు వీటిని గూర్చి అక్కడ ఉపన్యాసాలు, చర్చలు. అదే చూరు క్రింద గీతా పాఠాలు, కావ్య పాఠాలు. గ్రంథాలయం, ఒక మాసపత్రిక. 1975లో ఆయన పోయారు గాని సంస్థ నిలిచింది.

పట్టా లేని మనిషి పట్టణానికి రాజకీయపాఠం చెప్పగలిగాడంటే, అందులో ఒక మర్మం ఉన్నది. ఆయన వినేవానిని తక్కువవానిగా చూడలేదు, కష్టమైన విషయాన్ని దాచిపెట్టనూ లేదు. కష్టమైనదానిని ఓపికగా చెప్పాడు. మన ముళబాగిలు మట్టిలోనే ఆ విత్తనం ఉన్నదని జ్ఞాపకం ఉంచుకోవాలి.

మాట సంగతి వచ్చింది గనుక మరొక సంగతి. 1919లో రవీంద్రనాథఠాకూరు దక్షిణదేశం తిరుగుతూ మదనపల్లెకు వచ్చి అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేశారు. జనగణమనకు ఇంగ్లీషు అనువాదం ఆయన వ్రాసినది, ఆ పాటకు మార్గరెట్ కజిన్స్ అనే ఆవిడ స్వరలిపి కట్టినది అక్కడనే. మదనపల్లె మాకు ఎంతో దూరం కాదు, పశువుల సంతకు మావాళ్ళు పోయివచ్చే చోటు. అదే సంవత్సరం అడయారులో భారతీయ సంస్కృతి కేంద్రాన్ని గూర్చి ఆయన చేసిన ప్రసంగంలో, పరభాషలో నేర్పిన చదువు మనస్సుకు అంటదనీ, దేశభాషలకు విద్యాలయంలో చోటు కావాలనీ వాదించారు. నూరేళ్ళు దాటిపోయాయి. మా అవ్వ బస్సులో అడిగిన ప్రశ్న దానికి తార్కాణం.

తెర మీది బొమ్మ

చలనచిత్రాల సంగతి కూడా చెప్పాలి. మా చిన్నతనంలో సినిమాకు పోతే అసలు ఆట మొదలయ్యేముందు ఫిల్మ్స్ డివిజన్ వారి వార్తాచిత్రం తప్పక పడేది. 1948లో మొదలైన ఆ సంస్థ ఆనకట్టలు, వరదలు, పరదేశపు రాజులు, టీకాలు అన్నీ తెలుగు, కన్నడం మొదలైన భాషల్లో చూపించేది. 2022లో అది జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిసిపోయింది. ఆ చిత్రాలు విసుగు పుట్టించేవని నవ్వేవాళ్ళము. కాని భాక్రా ఆనకట్ట ఎట్లా ఉంటుందో చదువురాని మా నాయనమ్మ చూసినది ఆ తెర మీదనే. ఒక్క లోపం ఉండేది. చూసినదానిని గూర్చి మాట్లాడించేవాళ్ళు లేరు. బొమ్మ ఆగితే ఆట మొదలు.

విశ్వవిద్యాలయం వారు చిత్రం ప్రదర్శిస్తే ఆ లోపం తీరాలి. మా వంటి ఊరికి ఏ చిత్రాలు తగునో కూడా మేము ఆలోచించాము. ఒకటి 'సంస్కార'. అనంతమూర్తిగారి కన్నడ నవల మీద 1970లో వచ్చిన చిత్రం. దానిని తీసిన పట్టాభిరామరెడ్డిగారు నెల్లూరు సీమ తెలుగువారు, 'ఫిడేలు రాగాల డజన్' వ్రాసిన కవి. మొదట సెన్సారు వారు ఆ చిత్రాన్ని ఆపివేశారు. తరువాత దానికే ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం వచ్చింది. తెలుగు కవి తీసిన కన్నడ చిత్రం మా నంగలిలో ఆడకపోతే ఎక్కడ ఆడాలి?

మరొకటి 'మా భూమి'. తెలంగాణా రైతుల పోరాటం మీద 1980లో విడుదలయింది. ఉర్దూలో కృషన్ చందర్ వ్రాసిన నవల, బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్, మాట తెలుగు. ప్రాంతీయ రాజకీయం అంటే ఏమిటో పది ఉపన్యాసాలు చెప్పలేనిది ఆ చిత్రం చెప్పుతుంది. కాని దానికి ముందు పది నిమిషాలు ఆ కాలం సంగతి చెప్పేవారు, తరువాత అరగంట కూర్చొని మాట వినేవారు కావాలి. తెర దించి దీపాలు వేసి పొమ్మంటే అది సినిమాయే అవుతుంది, చదువు కాదు.

గనిలోపలి విడ్డూరం

కోలారు బంగారుగనులను వదలి ఈ జిల్లాను గూర్చి వ్రాయడం కుదరదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వారు వచ్చింది మొదలు 2001 ఫిబ్రవరి 28న మూసివేసేదాకా సుమారు 800 టన్నుల బంగారం ఆ గనులనుంచి పైకి వచ్చింది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చి గనుల్లో దీపాలు వెలిగాయి. దిగి పనిచేసినవారిలో అరవంవారు ఎక్కువ, మన చిత్తూరు వైపు తెలుగువారు కూడా ఉండేవారు. వారి మనవలు నేడు తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పనులకు పోతున్నారు.

ఆ గనుల్లో బంగారం కంటె విడ్డూరమైనది ఒకటి దొరికింది. 1965లో చాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు మించిన లోతున, బొంబాయి టాటా పరిశోధనసంస్థ, జపానులోని ఒసాకా, ఇంగ్లండులోని డరహాం విశ్వవిద్యాలయాల వారు కలిసి పరికరాలు పెట్టి, ఆకాశం నుంచి వచ్చే న్యూట్రినో అనే అణుకణాల జాడ పట్టుకొన్నారు. ఆ కణాలు భూగోళాన్నే దూరి అవతలికి పోగలవు. పైన ఉన్న రాతి పొర మిగిలిన కిరణాలను ఆపితే గాని వాటి జాడ తెలియదు. అందుకే ప్రపంచమంతా వెదకి మన గనిలోకి దిగారు. పరికరాలను క్రిందికి దింపిన చేతులు మన గని పనివాళ్ళవి.

రాబర్ట్‌సన్‌పేటలోనో, మారికుప్పంలోనో ఒక వృద్ధ కార్మికుడు ఆ పెట్టెలను మోసి ఉంటాడు. తాను మోసినది ఏమిటో ఆయనకు ఆయన భాషలో ఎవరైనా కూర్చోపెట్టి చెప్పారా? విశ్వవిద్యాలయం వారు ఉపన్యాసం పెట్టదలచుకొంటే ఇంతకంటె మంచి విషయం, ఇంతకంటె అర్హుడైన శ్రోత ఎక్కడ దొరుకుతారు?

తప్పు మనది ఎంత?

ఇప్పుడు మన వంతు. మా చుట్టుప్రక్కల విశ్వవిద్యాలయాలకు కొదవ లేదు. తిరుపతిలో 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. అది నాలుగు దక్షిణభాషల చెలిమి కొరకు పెట్టినది, మూడు రాష్ట్రాలు కలిసే మూలన ఉన్నది. 2017లో కోలారు ప్రక్కనే బెంగుళూరు ఉత్తర విశ్వవిద్యాలయం కూడా ఏర్పడింది. ఇన్నిటి నడుమ ఉండి, మేము ఏనాడైనా "మా ఊరికి వచ్చి ఒక మాట చెప్పండి" అని ఒక కార్డు ముక్క వ్రాశామా? లేదు. పెండ్లికి వెయ్యిమందిని పిలిచిన ఇంటివాళ్ళము, ఒక పండితుని పిలవలేదు. రానివారిని తప్పు పట్టడానికి ముందు పిలవనివారిని అడగాలి.

మరొకటి. కన్నడంలో ఉపన్యాసం జరిగితే మన తెలుగు కుటుంబాలు "అది వాళ్ళది" అని ఊరుకొంటాయి. తెలుగులో జరిగితే పిల్లలు "అది తాతలది" అని ఊరుకొంటారు. మా మనవడు ఇంట్లో చక్కని తెలుగు మాట్లాడుతాడు, తెలుగు అక్షరం చదవలేడు. అది అతని తప్పు కాదు, నేర్పని మాది.

ఈ ఆలోచనతోనే ఉగాది తరువాత మేము ఒక చిన్న పని చేశాము. దగ్గరి కళాశాలలో చరిత్ర చెప్పే ఒక యువకుణ్ణి అడిగాము. "ఎంతమంది వస్తారు సార్?" అన్నారు. "ఎంతమంది వచ్చినా సంగటి ముద్ద మా ఇంట్లోనే" అన్నాము. నవ్వి ఒప్పుకొన్నారు.

ఏర్పాట్లలో కొన్ని నియమాలు పెట్టుకొన్నాము. ఇతర ఊళ్ళవారికి పనికివస్తాయని వ్రాస్తున్నాము. టమాటా మార్కెట్టుకు బండ్లు పోయే రోజు కాకుండా చూడాలి. ఆడవాళ్ళు రాగలిగేది మధ్యాహ్నం మూడు మొదలు అయిదు వరకు, దీపం పెట్టేవేళకు ఇంటికి చేరాలి. చెప్పేది నలభై నిమిషాలు, అడిగేది నలభై నిమిషాలు. ప్రశ్న ఏ భాషలో వచ్చినా సరే, జవాబు అడిగినవారి భాషలో ఉండాలి. దండలు, శాలువలు వద్దు. వందన సమర్పణ ఒక్క వాక్యం. చెప్పినదాని సారం ఒక కాగితం మీద, ఒక ప్రక్క తెలుగు, ఒక ప్రక్క కన్నడం, ఇంటికి తీసికొని పోవడానికి.

బడి వరండాలో సభ. తెల్ల దుప్పటి కట్టి దాని మీద పటాలు చూపించారు. వచ్చినవారు ముప్పయి ఆరుగురు, అందులో సగం ఆడవాళ్ళు. ఆయన కన్నడంలో మొదలుపెట్టి, అవ్వ ముఖం చూసి తెలుగులోకి దిగి, పిల్లల వైపు తిరిగినప్పుడు మళ్ళీ కన్నడంలోకి పోయారు. ఎవరికీ ఏదీ అడ్డం రాలేదు. నంగలి కనుమ సంగతి, బ్రూక్ కేక సంగతి విని పిల్లలు విరగబడి నవ్వారు.

ప్రశ్నల వేళ అవ్వ లేచి నిలబడింది. "అప్పా, ఆ రాయి మీద మన ఊరి పేరు చెక్కినవాడు ఇంట్లో ఏం భాష మాట్లాడేవాడు?"

ఆయన ఒక నిమిషం ఆలోచించి, "రాతి మీద ఉన్నది కన్నడం అవ్వా. ఇంట్లో ఏం మాట్లాడేవాడో ఏ రాయీ చెప్పదు. నేనూ చెప్పలేను" అన్నారు.

అవ్వ తృప్తిగా కూర్చున్నది. ఇంటికి వచ్చే దారిలో, "ఈ పిల్లోడు మంచోడప్పా. తెలియంది తెలీదని చెప్పినాడు" అన్నది. తన కాగితాన్ని మడిచి కొంగున ముడి వేసుకొన్నది. ఆమెకు చదువు రాదు.

ఆ రాత్రి అవ్వ మా ఇంటికి వచ్చి ఆ కాగితం మనవడి చేతికిచ్చి చదవమన్నది. అతడు కన్నడం ప్రక్క చదివి తెలుగులో చెప్పాడు. "అట్ల కాదు, రెండో ప్రక్క ఏముండాదో అదే చదువు" అన్నది ఆమె. మనవడు మా వైపు చూశాడు. మరునాటి నుంచి సాయంకాలం అరగంట పలక పట్టుకొని మేము, అతడు కూర్చుంటున్నాము. ఇప్పటికి గుణింతాలు వచ్చాయి, వత్తుల దగ్గర తడబడుతున్నాడు. అవ్వ కాగితం మాత్రం మా ఇంట్లోనే ఉన్నది. అతడు చదివిన నాడు తీసికొంటానన్నది.

ఈ పత్రిక చదివే కుటుంబాలు కోలారులోనూ, బంగారుగనుల పేటల్లోనూ, బెంగుళూరులోనూ, అంతకంటె దూరానా ఉన్నారు. మీ ఊరికి దగ్గరలో ఏదో ఒక విశ్వవిద్యాలయం ఉంటుంది. "అందరూ ఆహ్వానితులే" అని వారు వేసినప్పుడు ఇంటిల్లిపాదీ పోయి ముందు వరుసలో కూర్చోండి, అర్థం కాకపోతే మర్యాదగా లేచి అడగండి. వారు వేయకపోతే మీరే వారికి ఆహ్వానం పంపండి. వరండా, దుప్పటి, సంగటి ముద్ద చాలు. మా ఊళ్ళో రెండవ సభ కార్తీకంలో అనుకొంటున్నాము. గనిలో దొరికిన ఆ అణుకణాల సంగతి చెప్పగలవారు ఎవరైనా ఉంటే పత్రికకు వ్రాయండి. బస్సు దిగేచోట మేమే వచ్చి కలుసుకొంటాము.